ఓడిన గేమ్‌ను మనవాళ్లతో కలిసి విప్పి చూడటం ఎలా

రాత్రి పదకొండు దాటింది. ఫోన్‌లో పది నిమిషాల చెస్ గేమ్ ఆడి ఓడిపోయారు. తెర మీద రెండు బటన్లు కనిపిస్తాయి. ఒకటి మళ్లీ ఆడమంటుంది, రెండోది తప్పులన్నీ ఇంజిన్‌తో (ఎత్తుల లెక్క చూసే చెస్ ప్రోగ్రామ్‌తో) చూపిస్తానంటుంది. ఆ రెండూ నొక్కకుండా కాసేపు ఆగండి. ఆ ఆగిన సమయంలో ఏం చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పెద్ద టోర్నమెంట్లలో గేమ్ ముగిశాక ఆడిన ఇద్దరూ అదే బోర్డు ముందు కూర్చుని, పావులు వెనక్కి జరుపుతూ మాట్లాడుకోవడం పాత అలవాటు. దాన్ని పోస్ట్‌మార్టమ్ అంటారు. "ఇక్కడ గుర్రం వస్తుందని భయపడ్డాను" అని ఒకరంటే, "నాకు ఆ ఎత్తు కనిపించనే లేదు" అని ఇంకొకరంటారు. నేర్చుకునేదంతా ఆ మాటల్లోనే ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఆ భాగ్యం లేదు. గేమ్ అయిన మరుక్షణం ఎదుటివాడు మాయం. వాడిది ఏ దేశమో, ఎందుకు ఆ బంటు జరిపాడో మనకు ఎప్పటికీ తెలియదు. ఆ ఖాళీ కుర్చీలో కూర్చోవడానికి మనవాళ్లు కావాలి.

మేం ఐదుగురం. నేను హనుమకొండలో ఉంటాను. కరీంనగర్‌లో మా బావ, రామగుండంలో ఉద్యోగం చేసే అన్న, వరంగల్‌లో టీచర్‌గా ఉన్న అక్క, జగిత్యాలలో ఇంటర్ చదివే మా మామ కొడుకు. వాడిని అందరం చిన్నోడు అనే పిలుస్తాం. నలుగురైదుగురు చాలు. ఇరవై మంది ఉన్న గ్రూపులో ఎవరూ ఎవరి గేమూ పూర్తిగా చూడరు.

మొదట గేమ్‌ను ఎంచుకోండి

రోజుకు పది గేములు ఆడి పదీ పంపితే ఎవరికీ ఓపిక ఉండదు. వారానికి ఒకటి, మహా అయితే రెండు. ఒక్కొక్కరికి కనీసం పది నిమిషాలున్న గేమ్ అయితే మంచిది. పదిహేను నిమిషాలకు ఎత్తుకు పది సెకన్లు కలిసే గేమ్ ఇంకా మంచిది. ఒక నిమిషం బుల్లెట్ గేమ్‌లో చేయి ఆడుతుంది, బుర్ర ఆడదు. అందులో మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయే రైల్లో ఆడినవి కూడా పక్కన పెట్టేయండి. సిగ్నల్ పోయి ఓడిన గేమ్‌లో నేర్చుకునేది ఏముంటుంది?

ఓడిన గేమ్‌నే పంపండి. గెలిచింది పంపితే శభాష్ అంటారు, అక్కడితో ఐపోతుంది.

గేమ్ నడుస్తుండగా మాత్రం ఒక్క మాట కూడా అడగకండి, చెప్పకండి. ఎత్తుకు మూడేసి రోజుల గడువుండే గేమ్‌కైనా ఇదే నియమం. ఒకసారి చిన్నోడు గేమ్ మధ్యలో స్క్రీన్‌షాట్ పంపాడు. "అయినంక పంపు తమ్మీ" అని అన్న ఒక్క ముక్క పెట్టాడు, ఇంకెవరం నోరు విప్పలేదు. అవతల ఉన్న మనిషి ఒంటరిగా ఆడుతున్నాడు. మనం ఐదుగురం కలిసి ఆడితే అది మోసమే. సైట్లు కూడా దాన్ని అలాగే చూస్తాయి, ఖాతా మూసేస్తాయి.

తర్వాత మీ మనసులో నడిచింది రాసుకోండి

గేమ్ అయిన ఐదు నిమిషాల్లో ఈ పని చేయాలి. పొద్దున్నకల్లా మరిచిపోతారు. పొడుగ్గా అక్కర్లేదు. మూడు చోట్లు గుర్తు తెచ్చుకోండి: ఎక్కడ భయమేసింది, ఎక్కడ ధీమాగా అనిపించింది, ఎక్కడ ఆలోచించకుండా ఎత్తు వేశారు. టైప్ చేయడం బద్ధకమైతే వాయిస్ మెసేజ్ చాలు.

ఇంజిన్‌ను అప్పుడే చూడొద్దని చెప్పడానికి కారణం ఇదే. ఒక్కసారి దాని జవాబు చూశామంటే, మన అసలు ఆలోచన చెరిగిపోతుంది. "అవును, నేనూ అదే అనుకున్నాను" అని మన మనసే మనకు చెబుతుంది. నాకు ఎన్నోసార్లు జరిగింది. 1997లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ చేతిలో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ ఓడినప్పుడు అది ప్రపంచమంతా మాట్లాడుకున్న వార్త. ఇవాళ మన జేబులో ఉన్న స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ ఏ చాంపియన్ కన్నా గట్టిది. ఏ ఎత్తు మంచిదో దానికి తెలుసు. ఆ క్షణాన నా తలలో ఏం తిరిగిందో దానికి తెలియదు. అది నేను చెబితేనే మా బావకు తెలుస్తుంది.

లింకుతో పాటు ప్రశ్న పంపండి

"గేమ్ చూడండి" అని లింకు పడేస్తే ఎవరూ చూడరు. ఒక చోటు చూపించి, మీరేం అనుకున్నారో చెప్పి, ఒకటే అడగండి. నేను పంపినదాన్నే ఇక్కడ పెడుతున్నాను (డి5 లాంటివి గడుల పేర్లు. తెల్లవైపు నుంచి చూస్తే అక్షరం ఎడమ నుంచి కుడికి నిలువు వరుస, అంకె కింది నుంచి పైకి అడ్డ వరుస):

"నల్లవి నావి. ఐదో ఎత్తుల గుర్రంతోని డి5 మీది బంటును కొట్టిన. బంటుకు బంటు సరిపోయిందనుకున్న. రెండు ఎత్తులల్ల నా రాజు రోడ్డు మీదికొచ్చిండు. కొట్టకపోతే ఏం చేయాల్సి ఉండె?"

ఆ గేమ్ ఎలా నడిచిందో దగ్గరగా చూపిస్తాను. బోర్డుంటే ముందు పెట్టుకోండి. తెల్ల బంటు ఈ4, నా బంటు ఈ5. తెల్ల గుర్రం ఎఫ్3, నా గుర్రం సి6. తెల్ల ఒంటె సి4కు వచ్చింది. (కొన్ని ఊళ్లలో దీన్ని శకటం అంటారు, మా ఇంట్లో ఒంటే.) నా రెండో గుర్రం ఎఫ్6. అప్పుడు తెల్ల గుర్రం జి5కు దూకింది. ఇప్పుడు ఎఫ్7 గడి మీద గుర్రం, ఒంటె రెండూ గురిపెట్టి ఉన్నాయి, కాపలా ఒక్క రాజే. నేను డి5కు బంటు జరిపి ఒంటె దారి మూశాను. ఇంతవరకు బాగానే ఉంది. తెల్ల బంటు ఆ బంటును కొట్టింది. నేను వెంటనే ఎఫ్6 గుర్రంతో తిరిగి కొట్టాను.

అంతే, వాడి గుర్రం ఎఫ్7లో పడింది. ఒక కాలు నా మంత్రి మీద, ఒక కాలు ఏనుగు మీద. రాజుతో ఆ గుర్రాన్ని కొట్టాను. వాడి మంత్రి ఎఫ్3కు వచ్చి చెక్ చెప్పింది, అదే చూపుతో డి5లోని నా గుర్రాన్నీ పట్టుకుంది. ఆ గుర్రాన్ని కాపాడాలంటే రాజు ఈ6కు, బోర్డు నడిమధ్యకు నడవాలి. నడిచాడు. తర్వాత వాడి ఇంకో గుర్రం సి3కు వచ్చి నా గుర్రం మీదే మూడో గురి పెట్టింది. వెనకే నా రాజు ఉన్నాడు కాబట్టి నా గుర్రం కదలడానికి లేదు.

బావ నుంచి మొదటి జవాబు: "బామ్మర్దీ, నీ గుర్రం బంటును మేసింది. వాని గుర్రం ఇల్లు మేసింది."

ఐదుగురం నవ్వుకున్నాం. ఆ తర్వాత అన్న అడిగాడు. "తమ్మీ, కొట్టినంక నీ గుర్రమే కదా ఒంటెకు అడ్డం నిలవడ్డది. దానికి కాపలా ఎవరు?"

చూసుకుంటే నా మంత్రి ఒక్కతే. వాడి ఒంటె, మంత్రి కలిసి గురిపెడితే ఇద్దరు కొట్టేవాళ్లు, ఒక్క కాపలా. నేను లెక్కపెట్టనే లేదు. అక్క ఇంకో సంగతి పట్టుకుంది. మేం ఆడే లిచెస్ సైట్‌లో ఒక్కో ఎత్తుకు ఎంత సమయం వాడామో కనిపిస్తుంది కదా. "ఆ ఎత్తుకు నువ్వు వాడింది రెండు సెకన్లు. రాజును నడిపించడానికి నిమిషం నలభై. గీ నిమిషం అప్పుడు వాడితే సరిపోతుండె" అంది. నా తప్పు ఓపెనింగ్‌లో (మొదటి ఎత్తుల వరుసలో) లేదు, తిరిగి కొట్టడం ఎలాగూ చేయాల్సిందే అన్న నమ్మకంలో ఉంది. ఇది ఏ ఇంజిన్ చెప్పదు. మీ గేమ్ చూసేటప్పుడు గడియారాన్ని కూడా తప్పకుండా చూడమని చెప్పేది ఇందుకే.

నా ప్రశ్నకు జవాబు చిన్నోడు ఇచ్చాడు. సి6 గుర్రాన్ని ఏ5కు జరిపి సి4 ఒంటెను అదిలించాలట. "అంచుకు గుర్రాన్ని పెట్టొద్దంటరు గదరా" అన్నాను. "పెట్టొద్దు బావా, కానీ వాని ఒంటెను లేపుతది గద" అన్నాడు. ఒక బంటు పోతుంది నిజమే. బదులుగా మన పావులు చకచకా బయటికొస్తాయి, రాజు ఇంట్లోనే ఉంటాడు.

ఎలా ఆటపట్టించాలి

ఈ సంగతి మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను. చాలా గ్రూపులు ఇక్కడే చెడిపోతాయి.

హాస్యం లేకుండా గేమ్ చూస్తే ట్యూషన్‌లా ఉంటుంది, మూడో వారానికి ఎవరూ రారు. పైగా నవ్వుకున్న తప్పు గుర్తుంటుంది. "ఇల్లు మేసింది" అన్న మాట లేకపోతే ఎఫ్7 నాకు ఇంతగా గుర్తుండేది కాదు. ఎవరైనా గట్టి ఎత్తు వేస్తే మా గ్రూపులో "ఏందిరా, అర్జున్ లెక్క ఆడుతున్నవ్" అంటాం. గ్రాండ్‌మాస్టర్ అర్జున్ ఎరిగైసి పుట్టింది వరంగల్‌లోనే. 2024లో బుడాపెస్ట్ చెస్ ఒలింపియాడ్‌లో మూడో బోర్డు మీద స్వర్ణం తెచ్చాడు. అదే ఏడాది డిసెంబర్‌లో ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) రేటింగ్ జాబితాలో 2800 దాటాడు, విశ్వనాథన్ ఆనంద్ తర్వాత ఆ గీత దాటిన రెండో భారతీయుడు. ఆ పేరుతో పొగిడించుకోవడమంటే మా ఊళ్లో చిన్న మాట కాదు. వారానికి ఒక్కరికి కూడా దక్కదు.

ఆటపట్టించేటప్పుడు మాట పావు మీద పడాలి, మనిషి మీద పడకూడదు. "నీ ఏనుగు పొద్దటి సంది మూలకే పండుకున్నది" అంటే ఎవరికీ నొప్పి లేదు, పైగా అందులో సలహా ఉంది. ఏనుగును బయటికి తియ్యమని. "నీకు ఎన్నిసార్లు చెప్పినా రాదు" అంటే అందులో సలహా లేదు, మనిషి మాత్రం ముడుచుకుంటాడు. రేటింగ్ ఎత్తొద్దు. చదువు, ఉద్యోగం ఎత్తొద్దు. వరుసగా నాలుగు గేములు ఓడి టెన్షన్‌లో ఉన్నవాడిని ఆ రాత్రికి వదిలేయండి.

నేను ఈ నియమాలు చెబుతున్నది మేం ఒకసారి తప్పు చేసి నేర్చుకున్నాం కాబట్టి. చిన్నోడు గెలిచే గేమ్‌ను డ్రా చేసుకున్నాడు. వాడి తెల్ల రాజు బి6లో, మంత్రి ఈ7లో. ఎదుటివాడికి ఏ8లో ఒంటరి రాజు తప్ప ఇంకేం లేదు. గడియారంలో ఎనిమిది సెకన్లు. మంత్రిని సి7కు జరిపాడు. చెక్ లేదు, రాజు కదలడానికి గడీ లేదు. స్టేల్‌మేట్. "రాజును పట్టుకురమ్మంటే జోల పాడి పండవెట్టినవ్" అని బావ అంటే, మేమంతా దాని మీద ఒకటొకటిగా పేర్చాం. గంటలో నలభై మెసేజీలు. చిన్నోడు రెండు రోజులు గ్రూపులోకి రాలేదు. మొదటి మాట బాగానే ఉంది. మిగతా నలుగురం కలిసి దాన్ని సాగదీయడమే తప్పు. అప్పటి నుంచి ఒక తప్పుకు ఒకటే జోకు, దాని వెనకాలే ఒక పనికొచ్చే మాట రావాలి అని పెట్టుకున్నాం.

ఆ పనికొచ్చే మాట అక్క ఫోన్ చేసి చెప్పింది. ఆ బోర్డు మీద మంత్రి ఏ7, బి7, డి8, ఈ8, ఎఫ్8 ఈ ఐదు గడుల్లో ఎక్కడికెళ్లినా మేట్. వాడిని కూర్చోబెట్టి ఐదూ వాడితోనే వెతికించింది. ఎదుటివాడికి రాజు ఒక్కటే మిగిలినప్పుడు, చెక్ కాని ఎత్తు వేసే ముందు "వానికి పోవడానికి గడి ఉన్నదా" అని పైకి అనుకొమ్మని చెప్పింది. ఇప్పుడు చిన్నోడు అలాగే పైకే అనుకుంటాడు, ఇంట్లోవాళ్లు వినేట్టు.

జవాబు ఇచ్చేవాళ్లకు కూడా ఒక మాట. "ఇది చెత్త ఎత్తు" అంటే చాలదు. దానికి ఎదుటివాడి జవాబేంటో, దాని బదులు మీరైతే ఏం వేసేవారో చెప్పాలి. మీ ఎత్తునూ నలుగురు పొడుస్తారు, పొడవనివ్వండి. సోవియట్ ప్రపంచ చాంపియన్ బోత్విన్నిక్ తన గేముల విశ్లేషణను అచ్చులో పెట్టి ఇతరుల విమర్శకు వదలాలని గట్టిగా నమ్మేవాడు. అంత పెద్ద ఆటగాడికే ఇతరుల కళ్లు కావాల్సి వచ్చాయి.

ఆఖరున ఇంజిన్‌ను పిలవండి

మనుషులందరి మాటలయ్యాక ఇంజిన్ ఆన్ చేయండి. లిచెస్‌లో ఇది పూర్తిగా ఉచితం, ప్రకటనలు కూడా ఉండవు. కొన్ని సైట్లలో ఉచిత ఖాతాకు పరిమితి ఉంటుంది.

అంకెలు చూసి బెదరకండి. ప్లస్ అంటే తెల్లవాళ్లకు మేలు, మైనస్ అంటే నల్లవాళ్లకు. ప్లస్ ఒకటి అంటే దాదాపు ఒక బంటు ఎక్కువున్నంత. పాయింట్ రెండు, పాయింట్ మూడు తేడాలను మన స్థాయిలో పట్టించుకోనక్కర్లేదు. అంకె ఒక్కసారిగా ఎక్కడ పడిపోయిందో ఆ రెండు మూడు చోట్లే చూడండి. అక్కడ కూడా దాని జవాబును వెంటనే తెరవకుండా మీరే వెతకండి. లిచెస్‌లో దీనికోసమే ఒక ఏర్పాటుంది. మీరు తప్పు చేసిన చోటును మళ్లీ మీ ముందు పెట్టి, ఇంకా మంచి ఎత్తు వెతకమంటుంది. అది వాడుకోండి.

ఇంజిన్ చెప్పిన ఎత్తు అర్థం కాకపోతే దానితో వాదించే పద్ధతి ఒకటుంది. మీకు నచ్చిన ఎత్తును బోర్డు మీద వేయండి, అది ఏ జవాబు ఇస్తుందో చూడండి. నాలుగైదు ఎత్తులు అలా వేసుకుంటూ పోతే ఎక్కడ నొప్పో తెలుస్తుంది. అయినా తెలియకపోతే వదిలేయండి. ఒక ఎత్తు ఎందుకు మంచిదో తెలుగులో ఒక్క వాక్యంలో ఇంకొకరికి చెప్పలేకపోతే, అది ఇంకా మీది కాలేదన్నట్టే. మా అన్న ఇంజిన్ వరుసలు పన్నెండు ఎత్తుల దాకా చదివి వినిపించేవాడు. అక్క ఒకరోజు "మధ్యల ఏడో ఎత్తు ఎందుకన్నా?" అని అడిగింది. చెప్పలేకపోయాడు. ఇప్పుడు తనే మాకు ఆ ప్రశ్న వేస్తున్నాడు.

ఒక వాక్యం రాసి పెట్టుకోండి

చిన్న నోట్‌బుక్ చాలు. గేమ్‌కు ఒక వాక్యం. ఓపెనింగ్ పేర్లు అక్కర్లేదు. తేదీ, ఏం ఆలోచించి తప్పు చేశారో, అంతే. నా పుస్తకంలో ఆ రోజు వాక్యం: "తిరిగి కొట్టాల్సిందే అనిపించినప్పుడు ముందు కాపలా లెక్కపెట్టు." ఇరవై ముప్పై వాక్యాలయ్యాక ఒకసారి తిరగేయండి. ఒకే తప్పు వేర్వేరు బట్టలేసుకుని వస్తుంటుంది. నావి సగానికి పైగా తొందరగా తిరిగి కొట్టినవే.

నెలకోసారైనా నిజమైన బోర్డు మీద కూర్చోండి. కుదిరిన ఆదివారం నేనూ అక్కా పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద కలుస్తాం. కరీంనగర్ నుంచి వీలైతే బావ వస్తాడు. ఫోన్లు సంచిలో పెట్టి, నోట్‌బుక్‌లో ఉన్న స్థానాన్ని బోర్డు మీద పరిచి, ఇద్దరు తెల్లవైపు, ఒకరు నల్లవైపు ఆడతాం. తెరమీద తప్పించుకున్న ఎత్తు చెక్క పావు పట్టుకున్నప్పుడు కనిపిస్తుంది. ఎందుకో నేను చెప్పలేను గానీ ప్రతిసారీ కనిపిస్తుంది.

ఆ గేమ్ జరిగిన మూడు వారాలకు నాకు మళ్లీ నల్లవే వచ్చాయి. మళ్లీ అదే ఒంటె సి4లో, అదే గుర్రం జి5లో, డి5 మీద అదే బంటు. చేయి కొట్టడానికే పోయింది. ఆపి లెక్కపెట్టాను, నలభై సెకన్లు పట్టింది. గుర్రాన్ని ఏ5కు జరిపాను. చివరికి ఆ గేమ్ కూడా ఓడిపోయాను, ముప్పై ఎత్తుల తర్వాత ఏనుగుతో చేసిన వేరే తప్పుతో. రాత్రే లింకు పంపాను, ఆ ఏనుగు గురించి ప్రశ్నతో.

బావ ముందు ఐదో ఎత్తు చూసినట్టున్నాడు. "ఇయ్యాల గుర్రం ఇంటిని కాపాడింది బామ్మర్దీ. ఇగ ఏనుగు సంగతి చూద్దాం పా."